గేటు దాకా వస్తే చాలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి కదా, ఏదో ఒక కిటుకు చెప్పకపోతాడా అని వాళ్ళ ఆశ. నా దగ్గర చదివి ఇంజనీర్లయినవాళ్ళ గురించి అడుగుతారు. నాకు మాత్రం ప్రతిసారీ ముందుగా గుర్తొచ్చేది లెక్కల్లో తప్పిన ఒక పిల్ల. ఆ పిల్ల గురించి వాళ్ళకు సగం చెప్పి, కాఫీ చల్లారిపోతోందని మాట మార్చేస్తుంటాను. ఇప్పుడు మొత్తం రాస్తున్నాను. రిటైరయి ఇన్నాళ్ళయింది, ఇక ఎవరికి భయపడాలి?

నాది విజయనగరం. మా నాన్నగారు సంగీతం మాస్టారు. ఆయన దగ్గర మొదటి పాఠం స్వరాలు కావు, కూర్చోవడం. బాసింపట్టు వేసుకుని, వెన్ను నిలబెట్టి, ఈగ వాలినా కదలకుండా అరగంట కూర్చున్నవాడికే సరిగమలు. నేను సంగీతంలో నిలవలేకపోయాను గానీ ఆ కూర్చోవడం మాత్రం ఒంటికి పట్టేసింది. చదువంటే కుదురుగా కూర్చోవడం, కూర్చోలేనివాడికి చదువు రాదు అని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇరవై ఏళ్ళకు పైగా పిల్లల్ని కూర్చోబెట్టాను.

కొన్నేళ్ళు వేరేచోట్ల చేశాక నా ఉద్యోగం శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊళ్ళో పడింది. వారమంతా శ్రీకాకుళంలో అద్దె గది, శనివారం సాయంత్రం ఆమదాలవలసలో రైలెక్కి ఇంటికి, సోమవారం మళ్ళీ వెనక్కి. పద్నాలుగేళ్ళు ఇలాగే గడిచాయి. వేరే జిల్లాకు బదిలీ అంటే మాటలు కాదు. అటునుంచి ఇటు రావాలనుకునే లెక్కల మాస్టారు ఒకరు దొరకాలి, ఇద్దరికీ కలిపి ఆర్డరు రావాలి. దాని కోసం నేను మొక్కని దేవుడు లేడు.

బడిలో ముప్పాతిక మంది పిల్లలు చేపల వేటకు వెళ్ళేవాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చేవారు. ఈ పిల్ల కూడా అంతే. తొమ్మిదో తరగతిలో నా చేతికి వచ్చింది. అప్పటికే స్టాఫ్‌రూంలో ఆ పిల్ల మాట రాని రోజు లేదు. కాలుగాలిన పిల్లి అనేవారు. దసరా సెలవుల్లోపు మూడు కంపాసు బాక్సులు పోగొట్టింది. ఒకరోజు ఒక కాలికే చెప్పు వేసుకుని వచ్చింది, రెండోది ఏదని అడిగితే తనూ ఆశ్చర్యపోయి కిందికి చూసుకుంది. నేను ప్రశ్న సగం అడిగేసరికి జవాబు చెప్పేసేది. అది సగంసార్లు సరైనదే అయ్యేది, తప్పయినప్పుడు కూడా అంతే ధైర్యంగా చెప్పేది. సముద్రం మీద బోటు ఇంజన్ చప్పుడు వినిపిస్తే కిటికీ దగ్గర తేలేది. అది ఎవరి బోటో చప్పుడును బట్టి చెప్పేది. ఆ విద్యకు మార్కులు వేసే గడి మా పేపర్లలో లేదు.

ఆ పిల్లతో నేను వేయించిన గోడకుర్చీలకు అంతు లేదు. ఒకసారి విసిగిపోయి వరండాలో నిలబెట్టాను. పీరియడ్ అయ్యాక వెళ్ళి చూస్తే అక్కడ లేదు. ఆ ముప్పావుగంటలో పంపు దగ్గర బిందెలు నింపి, ఆరో తరగతి పిల్లల తగవు తీర్చి, మధ్యాహ్న భోజనం వండే ఆవిడకు ఉల్లిపాయలు ఒలిచి ఇచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు తల్లిని తీసుకురమ్మన్నాను.

ఆ తల్లి చేపలు అమ్ముకుంటుంది. తలమీది సిల్వర్ గమేళా గేటు బయట దించి, నీచువాసన వస్తుందేమోనని దూరంగానే నిలబడింది. నేను చెప్పిన నేరాలన్నీ విని నవ్వింది.

"నా కడుపులో ఉన్నప్పుడే దీనికి కుదురు లేదు మేస్టారూ. కొట్టండి, తిట్టండి, నానేటీ అనుకోను. పది గట్టెక్కించీండి సాలు."

పది ఎందుకో తర్వాత తెలిసింది. చేపల పెంపకం మీద డిప్లొమా ఒకటుంటుంది, పదో తరగతి పాసైతే చేరవచ్చు. ఎవరో అధికారులు ఊరికి వచ్చి రొయ్య గుడ్లను భూతద్దంలో చూపించిన రోజున ఈ పిల్ల వాళ్ళ వెంట సాయంత్రం దాకా తిరిగి, ఆ చదువు పేరు, దానికి కావలసినవి అన్నీ కనుక్కుని వచ్చింది. అప్పటినుంచి అదే ధ్యాస. పాసైతే ఆ చదువు, తప్పితే తల్లి వెనకాల గమేళా. ఇంట్లో వాళ్ళ మాట అదే, ఆ పిల్ల కూడా ఒప్పుకున్న మాటే.

గురువారం గురువారం మా బడికి ఒక అమ్మాయి వచ్చేది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే టీచరు. మండలంలో బడులన్నీ బస్సుల మీద తిరిగేది. మా అమ్మాయి వయసుంటుంది. వినబడని పిల్లలకు, నడవలేని పిల్లలకు ఆమె కావాలి గానీ నా తరగతికి ఆమెతో ఏం పని అనుకునేవాణ్ణి. ఆమే వచ్చి రెండు గురువారాలు నా క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుని ఆ పిల్లను గమనించింది. తర్వాత నాతో నెమ్మదిగా, "ఆ పాప మిమ్మల్ని ఏడిపించాలని చెయ్యడం లేదు మాస్టారూ. మీకన్నా ఎక్కువ తనే కష్టపడుతోంది, కూర్చోవడానికి" అంది.

తల్లినీ పిల్లనూ తనే వెంటబెట్టుకుని విశాఖలో డాక్టరుకు చూపించింది. ఏడీహెచ్‌డీ, ధ్యాసనూ ఒంటినీ ఒకచోట నిలవనివ్వని స్థితి అని తేల్చారు. ఆ మాట మా స్టాఫ్‌రూంలో అదే మొదటిసారి వినిపించడం. సోషల్ మాస్టారు, మా కాలంలో ఆ జబ్బుకు మందు బెత్తమే అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. మందుల సంగతి డాక్టరూ వాళ్ళూ చూసుకున్నారు. నాకు వచ్చిన భాగం తరగతి గది ఒక్కటే.

ఆ అమ్మాయి నాకు చెప్పింది చిన్న ఉపాయం. పాతిక లెక్కలున్న పేజీ ఈ పిల్ల ముందు పెట్టొద్దు. ఒక చీటీ మీద ఒక లెక్క రాసి ఇవ్వండి. అది చేశాక లేచి కాస్త తిరిగి రానివ్వండి. అప్పుడు ఇంకో చీటీ. అంతే. బడిలో తిరగనివ్వడమా, మా నాన్నగారు వింటే ఏమనేవారో అని నవ్వుకున్నాను. సరే, వారం రోజులు చూద్దాం, ఎలాగూ ఫలించదు, ఆ మాట ఈ అమ్మాయి ముఖం మీదే చెప్పొచ్చు అని మొదలుపెట్టాను.

మొదటి రోజు నాలుగు చీటీలు. వారం తిరిగేసరికి పన్నెండు. ఒక చీటీ అవగానే పరుగున వెళ్ళి గేటును తాకి వచ్చేది, ఆయాసపడుతూ చెయ్యి చాపేది. "ఇంకోటి ఇయ్యండి మేస్టారూ." ఆ మాట నా ఉద్యోగంలో ఎంతమంది పిల్లలు అన్నారు? లెక్క ఇంకోటి ఇయ్యమని. వర్గ సమీకరణాలు అలా చేసింది, త్రికోణమితి అలా చేసింది. పదో తరగతిలోకి వచ్చాక, ఉదయం బడి పెట్టకముందే వచ్చి నా స్కూటర్ చప్పుడు కోసం చూస్తుండేది. గదిలో పడుకునే ముందు చీటీలు రాయడం నాకు అలవాటైపోయింది. మిగతా పిల్లలు కూడా చీటీలు కావాలని పేచీ పెట్టారు. నాకూ చీటీలు చేతికిచ్చే ఒక మాస్టారు చిన్నప్పుడు దొరికి ఉంటే సంగీతం వచ్చేదేమో అని కూడా ఒకసారి అనిపించింది.

ఆ సంవత్సరం నాకిప్పటికీ కావాలనిపిస్తుంది. ఏ పురస్కారమూ వద్దు, ఆ ఒక్క ఏడాది మళ్ళీ ఇస్తే చాలు. ఉప్పుగాలి, ఆ వరండా, పరుగెత్తే కాళ్ళ చప్పుడు, చాపిన చెయ్యి. ఇప్పుడు ఇంట్లో కుర్చీలో కదలకుండా గంటలు గంటలు కూర్చుంటాను. అంత కుదురు ఎవరికి కావాలి?

డిసెంబరులో స్పెషల్ టీచరమ్మ నన్ను అడిగింది, చీటీలు ఎప్పుడు ఆపుతారు మాస్టారూ అని. మెల్లగా తగ్గించాలి, రెండేసి లెక్కలు, ఆ తర్వాత అయిదేసి, చివరికి పేజీ మొత్తం. నేను వినలేదు. బాగా నడుస్తున్న బండికి చక్రం ఎందుకు మార్చడం అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం నేను. పైగా ప్రీఫైనల్ పరీక్షకు ఆ పిల్ల ప్రశ్నపత్రాన్ని స్వయంగా కత్తెరతో కత్తిరించి ఒక్కొక్క ముక్కే అందించాను. యాభై దాటి మార్కులు వచ్చాయి. ఈ పిల్ల వల్ల బడికి నూరుశాతం ఫలితం పోతుందని రెండేళ్ళుగా బెంగపడుతున్న హెడ్‌మాస్టారు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. నేను పొంగిపోయాను.

మార్చిలో అసలు పరీక్ష. అప్పుడు లెక్కలకు రెండు పేపర్లు. మొదటి పేపరు రోజు గంట గడవకముందే ఆ పిల్ల హాలు బయటికి వచ్చేసిందని కబురు తెలిసింది. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని ఉంది. ఏమైందమ్మా అన్నాను.

"అన్నీ ఒక్కపాలే మీద పడిపోనాయి మేస్టారూ."

చీటీలు మొదలయ్యాక ఆ పిల్ల ఏనాడూ లెక్కల ప్రశ్నపత్రాన్ని మొత్తంగా చూడలేదు. చూడనివ్వనిది నేను. ఈత నేర్పుతానని రెండేళ్ళు నడుం దగ్గర చెయ్యి వేసి పట్టుకుని, నడిసముద్రంలో చెయ్యి తీసేశాను. రెండో పేపరుకు వెళ్ళనే లేదు. మిగతా సబ్జెక్టులన్నీ ఎలాగో గట్టెక్కింది. లెక్కలు తప్పింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు బాగా వచ్చు. ఆ వేసవి సెలవుల్లో నేను ఇంటికి వెళ్ళలేదు. మా ఆవిడ అలిగింది. రోజూ ఆ ఊరికి స్కూటర్ మీద వెళ్ళి, తాళం వేసిన బడి వరండాలో ఆ పిల్లకు చెప్పాను. ఈసారి చీటీలు లేవు. ప్రశ్నపత్రం మొత్తం చేతికిచ్చి, దాన్ని మడతపెట్టడం నేర్పాను. ఒక్క ప్రశ్న మాత్రమే కనబడేలా మడిచి, మిగతాది అట్టకింద దోపాలి. అది చేశాక ఇంకో మడత. మడతపెట్టిన రోజు పాసు మార్కులు సులువుగా దాటేసేది. మరిచిపోయిన రోజు పేపరు మీద కళ్ళు గెంతి గెంతి, చివరికి పెన్ను కొరుకుతూ కూర్చునేది. తేడా అంతా ఆ మడతలోనే ఉంది. తెలియక కాదు, సరిగ్గా ఆ నిమిషానికి గుర్తురాదు. ఈ పిల్లల కష్టం అదేనని స్పెషల్ టీచరమ్మ ఎన్నోసార్లు చెప్పింది.

జూన్‌లో సప్లిమెంటరీ. సెంటరు ఆమదాలవలసలో పడింది. తల్లి ఎలాగూ అక్కడికి చేపలు తీసుకెళ్తుంది, తనతో వచ్చేస్తానంది పిల్ల. ఆఖరి రోజు పుస్తకాలు సర్దుకుంటూ నన్నొకటి అడిగింది. రెండేళ్ళలో చీటీ కాకుండా నన్ను అడిగింది అదొక్కటే.

"గేటు కాడ మీరొక్కపాలి సెప్పండి మేస్టారూ, కాయితం మడతెట్టమని. లోనికెల్లేటప్పుడు సెప్తే నాకు గుర్తుంటాది. గేటు దాకా వస్తే సాలు."

వస్తానన్నాను. విజయనగరం నుంచి వస్తే ఏ రైలుకు వస్తానో, ఎన్నింటికి గేటు దగ్గర ఉంటానో కూడా చెప్పాను.

ఆ వారమే నా ఆర్డరు వచ్చింది. పద్నాలుగేళ్ళు ఎదురుచూసిన కాగితం. రామతీర్థం దగ్గర బడి, ఇంటి నుంచి స్కూటర్ మీద వెళ్ళి రావచ్చు. ఇక్కడ రిలీవయి అక్కడ చేరాను. చేరిన నాలుగో రోజు ఆ పిల్ల మొదటి పేపరు. ముందురోజు కొత్త హెడ్‌మాస్టారు, రేపు కొత్తగా వచ్చిన ముగ్గురికీ చిన్న స్వాగతసభ ఉంది, ఊరి పెద్దలు కూడా వస్తున్నారు అని చెప్పారు. సెలవు అడగాలని నోటిదాకా వచ్చింది. వచ్చిన వారంలోనే సెలవేమిటి అనుకుంటారని ఊరుకున్నాను.

పొద్దున్నే లేచాను. రైలుకు టైముంది. చినుకులు పడుతున్నాయి. చెప్పులు వేసుకున్నాను కూడా. మా ఆవిడ కాఫీ ఇస్తూ, ఇవాళ మీకు సభ కదా, ఇస్త్రీ చొక్కా తీసి పెట్టాను అంది. కూర్చున్నాను. మడత పెట్టడం ఆ పిల్లకు వచ్చు. పదహారేళ్ళు వచ్చాయి. ఎన్నాళ్ళని వేలు పట్టుకుని నడిపిస్తాం, ఎప్పుడో ఒకప్పుడు వదలాల్సిందే కదా. స్పెషల్ టీచరమ్మ తగ్గించమన్నది ఇదేగా. నేను సభకు వెళ్ళాలనుకుంటున్నానని ఒప్పుకోవడం కన్నా ఇలా అనుకోవడం ఎంతో సులువుగా ఉంది. చెప్పులు విప్పి గోడవారగా పెట్టాను. మీరు ఏదైనా పెద్ద కారణం ఉంటుందని చూస్తుంటే, లేదు. అంతే.

సభలో నాకు శాలువా కప్పారు. ప్రతి విద్యార్థీ మనకు దేవుడితో సమానమని మాట్లాడాను. చప్పట్లు బాగానే కొట్టారు.

ఫలితాలు వచ్చినప్పుడు ఆ పిల్ల నంబరు ఎదురుగా రెండు పేపర్లకూ గైర్హాజరు అని ఉంది. స్పెషల్ టీచరమ్మకు ఫోన్ చేస్తే, ఎందుకు రాయలేదో ఎంత అడిగినా చెప్పడం లేదు మాస్టారూ, నవ్వేసి వెళ్ళిపోతోంది అంది. నాకు చిరాకేసింది. నిజం చెప్పాలంటే, చిరాకు కింద కాస్త హాయి కూడా ఉంది. పరీక్షకే రాలేదు, నేను వెళ్ళినా వృథా అయ్యేదే కదా అని. ఆ తర్వాత రిటైరయ్యేదాకా స్టాఫ్‌రూముల్లో ఆ కథ చెప్పేవాణ్ణి. వేసవి సెలవులు మానుకుని చెప్పాను, తీరా చూస్తే పరీక్షకే వెళ్ళలేదు, మనం ఎంత చేసినా వాళ్ళకు ఉండాలి కదా అని ముగించేవాణ్ణి. అందరూ నిజమే మాస్టారూ అనేవారు.

రిటైరయిన మరుసటి ఏడాది, బంధువుల గృహప్రవేశానికి వెళ్ళి తిరిగి వస్తూ ఆమదాలవలస స్టేషన్‌లో కూర్చున్నాను. ప్లాట్‌ఫారం మీద ఖాళీ గమేళా బోర్లించి దానిమీద కూర్చున్న ఒకావిడ నన్నే చూస్తోంది. ఆ తల్లి. జుట్టు నెరిసింది. లేచి వచ్చి, బాగున్నారా మేస్టారూ, చిక్కిపోనారేటి అంది. పిల్ల ఎలా ఉందన్నాను. విశాఖ హార్బర్‌లో చేపల వేలం దగ్గర పాట పాడుతోందట. దాని నోటి ముందు మగాళ్ళు ఆగలేకపోతన్నారు అని మురిసింది. నేను ఊరుకోవచ్చు కదా. పరీక్షకు వెళ్ళి ఉంటే ఆ చదువు చదివేది కదమ్మా, ఎందుకు వెళ్ళలేదు ఆ రోజు అన్నాను. పెద్దమనిషి తరహాగా, కాస్త నిష్ఠూరంగానే అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది.

"ఎల్లకపోడవేటి మేస్టారూ? నానే గేటు కాడ దించి బజారుకెల్లినాను. సరుకమ్ముకొని తిరిగొచ్చినాను గదా, గేటు కాడే నిలబడున్నాది. లోనికి రమ్మని వాచ్‌మేన్ మూడుపాలులు పిలిసినాడంట. మేస్టారొస్తారు, ఒచ్చినాక ఎల్తాను అన్నాదంట. తలుపులేసీసినాక కూడా అక్కడే ఉన్నాది. పుట్టి బుద్దెరిగి అదొక్క కాడ నిలబడ్డం నాను సూడ్నేదు. ఆ రోజు రెండు గంటలు కదల్లేదు."

మడత సంగతి ఆమెకు తెలియదు. వానలో తడిశావా అని కూడా పిల్లను అడిగిందట, తడవలేదంది. నేను ఎందుకు రాలేదో ఆమె అడుగుతుందని భయపడ్డాను. అడగలేదు. దాని బదులు చీర చెంగులోంచి ఫోను తీసి, మాటాడతారా మేస్టారూ, మిమ్మల్ని తలవని రోజు నేదు అంటూ నంబరు నొక్కి నా చేతిలో పెట్టేసింది.

అవతల హార్బర్ రొద, కేకలు. ఎవరు అంటూ గట్టిగా ఒక ఆడగొంతు. నేనమ్మా, లెక్కల మాస్టారిని అన్నాను. ఒక్కసారిగా ఆ రొద దూరమైంది, పక్కకు పరుగెత్తి ఉంటుంది. నా ఆరోగ్యం అడిగింది, పిల్లలు ఏం చేస్తున్నారని అడిగింది. ఒక ప్రశ్నకు జవాబు చెప్పేలోగా ఇంకోటి. ఎంత వినాలనిపించిందో ఆ గొంతు. పొద్దుపోయేదాకా అలా అడుగుతూనే ఉంటే బాగుండుననిపించింది. నేనే ఏదో చెప్పబోయాను, క్షమించమని కాబోలు. ఆ పిల్లే ముందు అడిగేసింది.

"మేస్టారూ, ఆ రోజు రైలు లేటయిపోనాదా?"

అవునమ్మా, బాగా లేటయింది అన్నాను.

"నాను అదే అనుకున్నాను. అందరూ మీ మేస్టారు నిన్ను మరిసిపోనాడని అంటే, కాదు, రైలు లేటయిపోనాదని నానే సెప్పినాను."